మూడోసారి అడగలేదు

"మాస్టారిని వదిలారట!" అని తూరాన్ ఖానుం వీధి మెట్ల మీంచే కేక పెట్టింది.

శరణార్థుల ఆఫీసులో దుభాషి పని చేసే సెల్మా ఫోన్లో అన్నది, నిజానికి, "మాస్టారు వదులుకున్నారెందుకు?" అని. అప్పుడు ఖానుం పక్కన బట్టలుతికే మిషను నీళ్ళు పిండుతోంది. ఆ రొదలో సగం మాట కొట్టుకుపోయింది. మిగిలిన సగంతో ఆవిడ టర్కీలోని ఈ డెనిజ్లి ఊళ్ళో తనకు తెలిసిన ఇరానీ ఇళ్ళన్నీ చుట్టేసింది.

మాస్టారంటే హుషంగ్. తువ్వాళ్ళ దుకాణం కింద నేలమాళిగలో ఆయన పిల్లలకి చదువు చెబుతారు. వారమంతా బడి, శుక్రవారం సాయంత్రం మాత్రం నవ్వుల గారడి. పెద్దవాళ్ళొచ్చి అవే చిన్న బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చుంటే, ఆయన నల్లబల్ల ముందు నిలబడి నవ్విస్తారు. చెప్పేది భూగోళం, బతుకు గందరగోళం. ఇరాన్‌లో, రష్త్‌లో, ఒక పెళ్ళిలో ఈయన ప్రభుత్వంలోని ఒక పెద్దమనిషి నడకని అనుకరించి చూపించారు. నవ్వినవాళ్ళు భోజనాలకి లేచారు, నవ్వించినవాడు సరిహద్దు దాటాడు.

ఏడేళ్ళయింది. ప్రతి మంగళవారం ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. ఊరు దాటాలంటే కాగితం కావాలి, ఊరికే దాటడానికి వీల్లేదు. సముద్రం మూడున్నర గంటల దూరం. పిల్లలకి అయిదు మహాసముద్రాలు నేర్పిన మనిషి ఏడేళ్ళుగా ఒక్క అల చూడలేదు.

ఆ శుక్రవారం మూడున్నరకి ఆయన కెనడా సరస్సులు గీస్తున్నారు. తలుపు తోసుకుని జనం దిగారు. ముందు తూరాన్ ఖానుం, చేతిలో కుంకుమపువ్వు పాయసం గిన్నె. వెనక డాక్టర్ కీవాన్. ఆయన ఇస్ఫహాన్‌లో పళ్ళు పీకేవాడు, ఇక్కడ హోటల్లో పళ్ళేలు తోముతున్నాడు.

"నోరు తెరవండి మాస్టారూ!" అంది ఖానుం చెంచా ఎత్తి. "కెనడాకి వదిలారటగా! చెప్పకుండా చెక్కేద్దామనే?"

"అక్కడ బొమ్మ గీసి చూసుకుంటున్నాడు దొంగ! ఇల్లెక్కడో వెతుక్కుంటున్నాడు!" అన్నాడు డాక్టరు.

మాస్టారి చొక్కా జేబులో మూడు రోజులుగా ఒక ఉత్తరం ఉంది.  తీసి డాక్టరుకిచ్చారు.

డాక్టరు పైకి చదివాడు. "మీకు కేటాయించిన కెనడా అవకాశాన్ని మీరే స్వయంగా నిరాకరించినందున మీ ఫైలు మూసివేయబడినది. అభ్యంతరముంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో ఈ శుక్రవారం అయిదింటిలోగా..." ఆగి, కళ్ళద్దాలు తీశాడు. "నిరాకరించావా? పిల్లలున్న సంసారులెవరైనా వెళ్ళాలనేగా? నువ్వు మనిషివి కాదయ్యా, మహానుభావుడివి!"

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. ఖానుం ఆయన భుజాన్ని ముద్దు పెట్టుకుంది.

హుషంగ్ మాస్టారు ఇరకాటంలో పడ్డారు. నోరు మూసుకుంటే సత్పురుషుడు, ఈ ఊళ్ళోనే సమాధి. నోరు తెరిస్తే పరువు మీద మట్టి. నాలిక అలవాటుగా, "అబ్బే, నాదేముందండీ, అంతా మీ అభిమానం..." అనబోయింది. ఆ నాలికే కొంప ముంచింది. దాన్ని కరిచి పట్టుకుని గోడ గడియారం చూశారు. మూడూ యాభై.

"కూర్చోండి" అన్నారు. కూర్చున్నారు. ఇవాళ ఆట ముందే మొదలైందనుకున్నారు.

"ఆఫీసరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తాగుతారా అంది. వద్దండీ, మీకెందుకు శ్రమ అన్నాను. మన ఊళ్ళో అయితే?"

"ఇంకోసారి అడుగుతారు!" అన్నారు పిల్లలు.

"మళ్ళీ వద్దంటాను."

"మూడోసారి అడుగుతారు! అప్పుడు తాగుతారు!"

"ఆవిడ అడగలేదు. టీ పోయింది. అప్పుడైనా ఈ బుర్రకి తట్టాలా? తట్టలేదు. తర్వాత కాగితం తిప్పి, కెనడాకి ఒక చోటుంది, వెళ్తారా అంది. ఏడేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నవాణ్ణి. లేచి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి కదా? గుండె మీద చెయ్యేసుకుని, 'అయ్యో, నేనెంతవాణ్ణి, పిల్లలున్నవాళ్ళని పంపండి, నాకిక్కడ బాగానే ఉంది' అన్నాను. సెల్మా పుణ్యాత్మురాలు, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆఫీసరమ్మ థాంక్స్ అని రాసుకుంది. టీ వద్దన్నాను, టీ పోయింది. దేశం వద్దన్నాను, దేశం పోయింది!"

గది పగలబడి నవ్వింది. డాక్టరు బెంచీ మీంచి జారాడు. మాస్టారు నవ్వలేదు. ఆయన నవ్వడం లేదని ఒక్కొక్కరే గమనించి ఆగారు.

"అయిదింటిలోగా ఇద్దరు సంతకం పెట్టాలి. ఇది మా మొహమాటమేగానీ నిరాకరణ కాదని. ఇస్తే మళ్ళీ అడుగుతారని నమ్మకమేమీ లేదు. ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను."

డాక్టరు పెన్ను అందుకుని, ఖానుం వైపు చాచాడు. "పెద్దవారు, ముందు మీరు."

"అయ్యో, చదువుకున్నవారుండగా నేనా? మీరే కానివ్వండి."

"మీ తర్వాతే."

"ఒట్టు, మీరు పెట్టేదాకా నేను ముట్టను!"

పెన్ను వెనక బెంచీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. నాలుగూ పది.

హుషంగ్ మాస్టారు పెన్ను లాక్కుని ఖానుం గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిట మూశారు. "ఖానుం, నాకు కావాలి. వెళ్ళాలని ఉంది. మంగళవారం ఇంకొక్క సంతకం కూడా నా వల్ల కాదు."

ఆయన నోట "కావాలి" అన్న మాట అక్కడెవరూ అంతకుముందెన్నడూ వినలేదు. తూరాన్ ఖానుం తలెత్తి ఆయన మొహం చూసింది. సంతకం గీకి, కాగితం డాక్టరు ఒళ్ళో పడేసింది. డాక్టరు ఈసారి ఎవరి వైపూ చూడకుండా తన సంతకం పెట్టేశాడు. తర్వాత ఖానుం పాయసం గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. సంబరానికి ఆలస్యంగా వస్తున్నవాళ్ళు వీధి మలుపులో కనిపించారు.

"మాస్టారిని వదల్లేదర్రా!" అని అరిచింది. "నేను సగమే విన్నాను! మాస్టారు త్యాగమూ చెయ్యలేదు, తద్దినమూ పెట్టలేదు! వద్దని మొహమాటపడ్డారు, ఆవిడ మళ్ళీ అడగలేదు, అంతే! దారివ్వండి, ఆయన ఆఫీసుకి పరిగెత్తాలి!"