పన్నెండు మాటల కోశాగారం

ఏమైనా, ఒక నాగరికత పతనమైందని తేల్చడానికి కోటగోడలు కూలనక్కరలేదు, రాజ్యలక్ష్మి పొరుగురాజును వరించనక్కరలేదు, అందులోని మగవాడు తన పర్సును ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని దానిమీదే కూర్చోవడం మొదలుపెడితే చాలు, ఈ సత్యాన్ని జీవితమంతా జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పిన మదన్ మోహన్ అనే నేను సాధికారంగా ప్రకటించగలను, అడిగే నాథుడు లేడు గనుక ఇంటిముందు వరండాలో, ఒక కాలు వంకరపోయిన ప్లాస్టిక్ కుర్చీలో, రావలసిన కారు కోసం ఎదురుచూస్తూ నాకు నేనే ప్రకటించుకుంటున్నాను, లోపల నా భార్య రాజమణి సంచి సర్దుతోంది, లుంగీలు, తువ్వాలు, ఫ్లాస్కు, ఎక్స్‌రేల కవరు, రేపు పొద్దున హైదరాబాదులో నా ఛాతీ తెరిచి గుండెకు బైపాస్ చేస్తారట, చేయనీ, గుండె సంగతి గుండె చదువు చదివినవాళ్ళు చూసుకుంటారు, నా చింతంతా దానికి జానెడు పైనున్న తల గురించి, ఎందుకంటే మొన్న ఆ డాక్టరు, మీసకట్టు ఇంకా స్థిరపడని ఆ ధన్వంతరి, పరేషాన్ గాకుండ్రి సార్, ఆపరేషన్ అయినంక కొందరికి కొన్ని దినాలు చిన్న చిన్న విషయాలు యాదికి రావు, తర్వాత అదే సెట్ అయితది అన్నాడు, చిన్న విషయాలట.

చిన్నవే, నర్సాపూర్ బస్టాండుకు దగ్గర్లో రాజమణికి ఆమె తల్లి కిష్టవ్వ రాసిచ్చిన జాగా చిన్నదే, దాన్ని అమ్మగా వచ్చిన మొత్తం, బ్యాంకులో డిపాజిట్ అయి క్షేమంగా పిల్లలు పెడుతున్నదని రాజమణి నమ్ముతున్న మొత్తం, ఇప్పుడు బిట్‌కాయిన్ అనే నిరాకార నిర్గుణ స్వరూపం ధరించి ఎక్కడా లేకుండా అంతటా ఉన్నది, దానికి తాళం లేదు, సంతకం లేదు, నామినీ లేదు, ఉన్నవల్లా పన్నెండు ఇంగ్లీషు మాటలు, వాటిని వరుస తప్పకుండా ఎవడు తన ఫోనులో కొడితే సొమ్ము వాడిది, వరుస మరిచిపోతే బ్రహ్మదేవుడు అర్జీ పెట్టుకున్నా పైసా రాలదు, ఇక ఆ మాటలేమిటయ్యా అంటే, సామ్రాజ్య కోశాగారానికి ద్వారపాలకులుగా నిలిచిన పదాలు గదా, ఎంత గంభీరంగా ఉంటాయో అనుకుంటాం, మేక, నిచ్చెన, వెల్లుల్లి, ఇవీ మొదటి మూడు, మెదక్ ఖిల్లాను కాపలా కాయడానికి ఏనుగు బొమ్మలు చెక్కిన ద్వారాలు కట్టారు, నా ఖజానాకు వెల్లుల్లి కాపలా, అయినా మొదటినుంచీ నాకు తెలుసు, ఈ యుగంలో ధనానికి గౌరవం మిగల్లేదని.

ఈ సొమ్ము దాచే పర్సును, దాన్ని వాలెట్ అంటారట, ఎంపిక చేయమని నా మేనల్లుడు హర్షిత్‌ను అడగడం నేను జ్ఞానాన్ని అగౌరవపరచిన ఏకైక సందర్భం, వాడు హైదరాబాదులో ఏదో కంపెనీలో రోజంతా తెర ముందు కూర్చుంటాడు, రాత్రి ఇంటికి పోయి చిన్న తెర ముందు కూర్చుంటాడు, దీన్ని ఉద్యోగం అంటారు, మామా, కొన్నచోటనే ఎక్స్ఛేంజీల ఉంచకు, వాడు దుకాణం బంద్ చేస్తే నీ పైసలు మట్టిల కలుస్తయి అన్నాడు, మరి ఫోనులో యాప్ వేసుకుంటానంటే, నీ ఫోనా మామా, గుడ్ మార్నింగ్ బొమ్మల మీద వచ్చిన లింకులన్నీ ఒత్తుతవు, గది వాలెట్ కాదు ధర్మసత్రం అన్నాడు, వాడికి మేనమామ అంటే ఉన్న గౌరవం అలాంటిది, చివరికి పెన్‌డ్రైవు లాంటి ఒక యంత్రాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు, కోల్డ్ వాలెట్ మామా, ఇంటర్నెట్ గాలి సోకదు, దొంగ కాదు గదా దేవుడు గూడ లోపలికి రాలేడు అన్నాడు, ఆ శీతల దేవాలయాన్ని ఆనాడే బీరువాలో పట్టుచీరల కింద ప్రతిష్ఠించాను, కొద్దినాళ్ళకే అది తన తెర మూసుకుని సమాధిలోకి పోయింది, ఏం ఫరవాలేదు మామా, యంత్రం పోతే పోనీ, పన్నెండు మాటలుంటే కొత్త యంత్రంలో మళ్ళీ పుట్టిస్త అన్నాడు, అంటే ఇంత పూజా, ఇంత ఖర్చూ చేసి కొన్న దేవుడు ఉత్త పీట, అసలు మూర్తి ఆ మాటలే, మరి ఆ మాటలను ఎక్కడ ఉంచాలిరా అంటే తల గోక్కున్నాడు, కాగితం మీద రాస్కో అన్నాడు, ఇరవై ఒకటో శతాబ్దపు ఆర్థిక విప్లవం తిరిగి తిరిగి వచ్చి చిత్తుకాగితం దగ్గర ఆగింది, మా ఇంట్లో కాగితానికి ఉన్న ఆయుర్దాయం నాకు తెలుసు, రాజమణి ఉప్పు పొట్లం కట్టని కాగితం లేదు, నా పరిశోధన వ్యాసంలో కాకతీయుల పన్నుల అధ్యాయం పల్లీల కిందికి పోయింది, అందుకే ఆనాడే నిశ్చయించుకున్నాను, భూమండలంలో భద్రమైన వాలెట్ ఒక్కటే, మదన్ మోహన్ శిరస్సు, రాజవంశాలన్నీ సంవత్సరాలతో సహా నిలిచిన చోట పన్నెండు చిల్లర మాటలకు జాగా దొరకదా, మాటలు దించుకున్న కాగితం చించేశాను, నాటినుంచి ప్రతి ఉదయం ఒకసారి మననం, ఒక్కనాడూ తప్పలేదు, ఇప్పుడేమో మత్తుమందు ఇచ్చి ఆ కోశాగారం దీపాలార్పుతామంటున్నారు.

నిన్న స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్ళింది అందుకే, స్టీలు పలక మీద కొట్టించు మామా, నిప్పుకు కాలదు, నీళ్ళకు నానదు, అమెరికావాళ్ళు గట్లనే చేస్తరు అని హర్షిత్ ఫోనులో చెప్పాడు, అమెరికావాడి వివేకం ఎట్టకేలకు మన మెదక్ పెళ్ళిసామాన్ల దుకాణం స్థాయికి ఎదిగినందుకు లోలోపల ఆశీర్వదించి, ఒక పళ్ళెం కొని, పేర్లు కొట్టే మిషను ముందు కూర్చున్న మల్లేశ్‌కు ఇచ్చాను, ఎవల పేరు గొట్టాలె సార్, మేడం పేరా, ఇంట్ల ఫంక్షనా, అన్నాడు, పేరు కాదు, నేను చెప్పింది కొట్టు అన్నాను, ఒక్కో అక్షరమే చెప్పాను, అతడు ఒక్కో అక్షరాన్నీ గొంతెత్తి పలుకుతూ కొడతాడని నాకేం తెలుసు, జీ, ఓ, ఏ, టీ, గోట్, మేకనా సార్, మేక బొమ్మ గూడ ఎయ్యాల్నా, దుకాణంలో బిందెలు బేరమాడుతున్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు, అందులో ఒకావిడ, ఏడుపాయల అమ్మకు మొక్కున్నదేమో పాపం, ఆపరేషన్ గద, అని పక్కావిడకు చెప్పింది, నా ఆపరేషన్ సంగతి ఆమెకెలా తెలుసో, ఈ ఊళ్ళో మనిషి రక్తనాళాలు కూడా మున్సిపాలిటీ ఆస్తి, చాలు ఆపు అన్నాను, గింతేనా సార్, జాగ మస్తు మిగిలింది అన్నాడు, ఆ మేక పళ్ళెంతో ఇల్లు చేరాను, రాత్రి రాజమణి అందులోనే ఉప్మా పెట్టింది, ఏమీ అడగలేదు, ఏదైనా అడిగితే నీకు తెల్వదు అంటానని తెలుసు, ఆ మాత్రం క్రమశిక్షణ మా సంసారంలో ఉంది.

మరి వస్తువులన్నీ అనర్హమని తేలినప్పుడు మిగిలేది మనుషులు, చరిత్రలో ఏ ప్రభువూ ఇంత హీనస్థితికి దిగజారి ఉండడు, కారులో వస్తున్నవాడు రాజమణి తమ్ముడు సుధాకర్, నిజాంపేటలో పొలాలున్నాయి, ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతాడు, ఎన్నికలకు ముందు కండువా మారుస్తాడు, ఎన్నికల తర్వాత మళ్ళీ మారుస్తాడు, ఇందాక ఫోను చేసి, బావా, ఫికర్ జెయ్యకు, నీకేమన్న అయితె అక్కకు నేను లేనా అన్నాడు, ఆ వాక్యంలో ఓదార్పు ఎంత ఉందో అంచనా ఎంత ఉందో తూకం వేయడానికి ఏ తక్కెడా లేదు, అతడికి పన్నెండు మాటలు ఇస్తే పదమూడో మాటగా తన ఫ్లెక్సీ బ్యానరు కట్టుకుంటాడు, హర్షిత్‌కు ఇద్దామంటే వాడు దేన్నయినా క్లౌడులో పెడతాడు, మేఘాలలో దాచిన సొత్తును వాన కురిసినచోటల్లా ప్రతివాడూ ఏరుకుంటాడు, ఇక రాజమణి, ఇంటి తాళంచెవిని తులసికోట వెనక పెట్టి, పాలవాడికి, గ్యాసువాడికి, తులసికోట వెనకున్నది తీస్కో అని కేకేసి చెప్పే మనిషి, ఏటీఎంలో పిన్ను నొక్కుతూ ఒక్కో అంకెనూ పైకి చదివే మనిషి, రిజిస్ట్రారు ఆఫీసులో ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టి, పైసలు యాడ వెడుతున్నరండి అని ఒక్కసారి అడిగి, నీకు తెల్వదు అంటే మంచిగ పెట్టుండ్రి అని చెంగుతో మొహం తుడుచుకున్న మనిషి, ఆమెకు రహస్యం ఇవ్వడం జల్లెడకు నీళ్ళివ్వడం, అది నిశ్చయం, కానీ రేపు ఒకవేళ, అంటే చరిత్రలో అలాంటివి జరుగుతూనే ఉంటాయి, రేపు ఒకవేళ నేను ఆ బల్లమీదనుంచి లేవకపోతే ఆమె బ్యాంకుకు వెళ్తుంది, డిపాజిట్ కాగితం కోసం బీరువా అంతా వెతుకుతుంది, పట్టుచీరల కింద చచ్చిపోయిన పెన్‌డ్రైవు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని తమ్ముడి గుమ్మం ముందు, వద్దు, ఈ ఆలోచన నాకు సరిపడదు, ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది, ఎండ వల్ల.

ఒకసారి చెప్పుకుంటే స్థిమితపడతాను, ఇంకా నా తల నాదే గదా, గోట్, ల్యాడర్, గార్లిక్, సిల్వర్, బాగానే వస్తున్నాయి, మార్కెట్, కిచెన్, రివర్, ఆర్ఫన్, ఆర్ఫన్, అనాథ, అనాథ తర్వాత ఏమిటి, ఆర్ఫన్ తర్వాత, గోట్ నుంచి మళ్ళీ, సిల్వర్, మార్కెట్, కిచెన్, రివర్, ఆర్ఫన్, అక్కడ నేల లేదు, అడుగు వేస్తే కాలు గాల్లో ఉంది, ఇంకా మత్తే ఇవ్వలేదు, ఇంకా మెదక్ కూడా దాటలేదు, కాకతి గణపతిదేవుడి పట్టాభిషేకం చెప్పగలను, కుతుబ్‌షాహీల వరుస చెప్పగలను, ఆర్ఫన్ తర్వాత ఏమిటో చెప్పలేను, కాగితం చించిన చేతులివే, పైకే అన్నట్టున్నాను, ఆర్ఫన్, ఆర్ఫన్, ఆర్ఫన్, గుమ్మంలోంచి ఫ్లాస్కు మూత బిగిస్తూ రాజమణి, అంబ్రెల్లా, అంది.

అంబ్రెల్లా, అనాథకు గొడుగు, అవును అదే అని నేను అనుకునేలోపే, ఆర్ఫన్ అయినంక అంబ్రెల్లా గదా, తర్వాత టొమాటో, లేజీ, విండో, గింతల్నే మర్సిపోయిండ్రా, అంటూ ఆమె మొదటినుంచి పన్నెండూ ఒక్క ఊపున, మంగళహారతి వరసలో, చివరి మాట దగ్గర కాస్త సాగదీసి మరీ పాడింది, నీకెట్లా తెలుసు అని నా నోటివెంట వచ్చిందో లేదో, పొద్దుగాల తానం జేస్కుంట దినాం సదువుతరు గద, చెవులు లేవా నాకు, గుండెకు మంచిదని డాక్టర్ చెప్పిన మంత్రమేమో అనుకున్న, అడిగితే నీకు తెల్వదు అంటరని అడగలే, అంది, నేను ఆ జల్లెడను చూశాను, ఒక్క బొట్టు కారలేదు, అప్పుడే చెప్పేశాను, ఎందుకు చెప్పానో ఆలోచించే వ్యవధి ఇస్తే చెప్పేవాణ్ణి కాదు, రాజమణీ, నర్సాపూర్ పైసలు బ్యాంకులో లేవు, ఆ మాటల్లోనే ఉన్నాయి, నాకేమైనా అయితే హర్షిత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పన్నెండూ నువ్వే కొట్టు, ఆమె ఫ్లాస్కును సంచిలో పెట్టి, జిప్పు లాగి, బ్యాంకుల లేవని నాకెరుకనే, పోయినేడు పోయి అడిగిన, మీ పేరు మీద ఏం డిపాజిట్ లేదమ్మా అన్నడు, వచ్చి మిమ్ములను నిలదీద్దామనుకున్న, గా దినమే మీకు ఛాతిల నొప్పి లేసింది, ఊకున్న, అంది, వంటింట్లో గ్యాసు కట్టేశానా లేదా అని చూసి వచ్చేంత మామూలుగా అంది.

సరే, ఏడాదిగా నోరు విప్పని వాలెట్ మరొకటి ఏ దేశంలోనూ తయారవలేదు, ఎంపిక పూర్తయింది, నేను ఆమెవైపు తిరిగి, ఉపన్యాసం ముగించే గొంతుతో, చూడు, ఆ మాటలు మాత్రం ప్రాణం పోయినా ఎవరికీ చెప్పొద్దు అన్నాను, రాజమణి నన్ను వింతగా చూసి, ఎవలకు జెప్పుడేందండి, గల్లీల అందరికి వస్తయి గద, అంది, ఎదురింటి సలోమి అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తోంది, చేతిలో పండ్ల కవరు, సార్, పరేషాన్ గాకుండ్రి, చర్చిల అందరం ప్రార్థన జేస్తున్నం, మీరు లేకుంటె పొద్దుగాల మా పిల్లలను ఎవరు లేపుతరు, మీ గోట్ ల్యాడర్ ఇనవడితేనె లేస్తరు, ఇప్పుడు తాడాట ఆడుకుంట గూడ గదే పాడుతున్నరు, అని నవ్వింది, బయట సుధాకర్ కారు హారను మోగింది, నేను లేచి నిలబడి, ఇల్లంతా ఒకసారి కలియజూసి, గల్లీ వైపున్న గోడ దగ్గర ఆగాను, స్నానాలగది వెంటిలేటరుకు అద్దం లేదు.