ముక్కు కట్టిన గన్ను

బావ అంటే ఆజ్ఞ, మరదలు అంటే సరసం. ఆ చెక్కపెట్టెల షెడ్డులో అదీ పద్ధతి. అక్కడ మేకులు కొట్టే మరదలికి మేస్త్రీ స్వయానా అక్క మొగుడు. ఆమె ఎంత సూటిగా మాట్లాడినా చుట్టూ ఉన్నవాళ్లు పళ్లికిలించేవారు. బావామరదళ్ల గొడవ కదా, ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఉదయం మేకుల గన్ను చేతిలోకి తీసుకున్న మరదలు అలాగే ఆగిపోయింది. గన్ను కొసన ముక్కులాంటిది ఒకటుంటుంది. దాన్ని చెక్కకు ఆనించి నొక్కితేనే మేకు దిగుతుంది. గాల్లో పట్టుకుని ఎంత మీట లాగినా బయటికి రాదు. ఆ ముక్కును ఎవరో వెనక్కి లాగి ఇనుప తీగతో బిగించేశారు. ఎవరో ఏమిటి, మేస్త్రీయే. ఇక మీట మీద వేలు పడితే చాలు, గన్ను ఎటు తిరిగుంటే అటు మేకు దూసుకుపోతుంది. ఎదురుగా పెట్టె చట్రాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని నిలబడింది ఆమె అక్క.

మరదలికి ఒళ్లు మండిపోయింది. గన్నును నడిపే గాలిపైపు ఊడబీకింది.

"బావా, ఈ తీగ నువ్వే కట్టావా?"

"లారీ వచ్చి నిలబడింది. ప్రతి మేకుకీ ముక్కు ఆనించుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే. ఇప్పుడైతే టకటకా పోతాయి."

"పోయేది అక్క వేళ్లు."

"గన్నుకి కాదే, నీ నోటికి కట్టాల్సింది తీగ," అన్నాడు మేస్త్రీ.

షెడ్డంతా నవ్వింది. రంపం దగ్గరి ముసలాయన కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. మామూలుగా అయితే ఆమె కూడా ఓ చురక అంటించి పనిలో పడేది. ఆ నవ్వులు చూశాక ఆమెకు అర్థమైంది. తను బావా అని పిలిచినంతకాలం ఆ షెడ్డులో తన మాటకు చిల్లిగవ్వ విలువ ఉండదు.

"మేస్త్రీగారూ," అంది.

నవ్వులు ఆగాయి. ఆ పిలుపు ఆమె నోట ఎవరూ విని ఎరగరు.

"తీగ తియ్యకపోతే నేను మేకు కొట్టనండి. కావాలంటే పనిలోంచి తీసెయ్యండి."

మేస్త్రీ మొహం కందగడ్డయింది. "ఏంటే, కొత్తగా ఈ అండీలు? చేతకానివాళ్లకి కావాలి ఆ ముక్కు. పనితనం ఉన్నవాడికి అక్కర్లేదు. రేపట్నుంచి నువ్వు రావద్దు. నేనే కొట్టుకుంటా."

ఆమె పని పోయింది. అయినా అక్కడినుంచి అంగుళం కదల్లేదు. అతను గన్ను లాక్కుని, పైపు తగిలించి, "పట్టుకోవే," అన్నాడు పెళ్లాంతో.

అక్క మొగుడి మాట జవదాటిన మనిషి కాదు. అలాంటిది, చట్రం మీంచి చేతులు తీసి వెనక్కి పెట్టుకుంది.

"మీరే పట్టుకోండి. చెల్లి కొడుతుంది."

"ఏంటీ?"

"పనితనం దానికీ ఉందిగా. గన్ను దానికిచ్చి, మీరిలా వచ్చి నిలబడండి. తీగ అలాగే ఉండనివ్వండి."

ఎవరూ నవ్వలేదు. మరదలు చెయ్యి చాచింది.

"ఇవ్వండి మేస్త్రీగారూ."

అతను ఆ చేతిని చూశాడు, ఖాళీగా ఉన్న చట్రాన్ని చూశాడు. తర్వాత గాలిపైపు ఊడదీసి, తీగ తెంపే కటింగ్ ప్లేయర్ ఎక్కడుందని అడిగాడు.