ఎర్ర మెట్టు

కండె సగం నిండిందో లేదో మొగిలమ్మ రాట్నం ఆపి మళ్లీ తమ్ముడి వైపు చూసింది. పొద్దున మగ్గం గుంటలోకి దిగుతుంటే కట్టయ్య తల అడ్డకర్రకు ఠంగుమని తగిలింది. చర్మం చిట్లలేదు, చుక్క రక్తం రాలేదు. ఆమె భయమంతా అదే. అతనికి పుట్టినప్పటి నుంచీ రక్తం గడ్డకట్టదు. లోలోపలే కారి మోకాళ్లు వాచి, నలభై రాకముందే ముసలి నడక వచ్చింది.

"నొస్తాందా తమ్మీ?"

"అడ్డకర్రను అడుగక్కా, దానికెట్లున్నదో."

గడపలో కూర్చున్న విజయలక్ష్మి నవ్వింది. మొగిలమ్మ కూతురు, హనుమకొండలో బీయస్సీ చదివిన పిల్ల. ఇప్పుడు ఆరో నెల. మేనమామ రోగం ఆడవాళ్లలో చప్పుడు చేయకుండా దాగి, కడుపున పుట్టే మగపిల్లల్లో బయటపడుతుందని పోయిన వారం ఆ పిల్లే చెప్పింది. అప్పటి నుంచి మొగిలమ్మకు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు.

"నా ఒంట్ల ఉన్నదా? నీకిచ్చిన్నా?"

"ఉండచ్చు, ఉండకపోవచ్చు. ఎన్నిసార్లు అడుగుతవే అమ్మా!"

"ఒక్క మాట సక్కగ చెప్పవు. నిన్ను చదివిచ్చి ఏం ఫాయిదా?"

విజయలక్ష్మి గోడ మేకుకు వేలాడుతున్న నమూనా ముక్కను చూపించింది. తాత, అంటే కట్టయ్య తండ్రి, నేసింది. కట్టయ్య ఏ జంపఖానా నేసినా దాన్ని చూసే నేస్తాడు. మెట్లు మెట్లుగా నేసిన నడిమి పువ్వుకు ఒక మూల ఎర్ర మెట్టు ఒకటి లేదు, అక్కడ తెల్లగా ఉంటుంది. తాత పొరపాటు. ఇన్నేళ్లుగా కట్టయ్య ఆ వెలితినీ తప్పకుండా నేస్తున్నాడు. షావుకార్లు ఆ మూల చూసే ఇది వీళ్లింటి సరుకని గుర్తుపడతారు.

"ఒంట్ల ప్రతి కణంల గిసొంటి నమూనా ఉంటదమ్మా. అది లోపలి అర్రల్నే ఉంటది. దాని నకలు బయటికొస్తది. నకలు చూసి ఒళ్లు తనకు కావల్సింది నేసుకుంటది. కణం రెండైనప్పుడల్ల నమూనా గూడ రెండైతది, తప్పుతోని సహా. రక్తం గడ్డకట్టే నమూనా మన ఆడోళ్లకు రెండుంటయి, ఒకటి తప్పున్నా ఇంకోటి ఆదుకుంటది. మగోళ్లకు ఒక్కటే."

"అవ్వ తప్పు మోకాళ్లల్ల, నాయిన తప్పు జంపఖానల," అన్నాడు కట్టయ్య. "ఇద్దరి ఆస్తి నాకే వచ్చె!"

"నోర్ముయ్‌రా! కడుపుతోని ఉన్న పిల్ల ముంగట ఏం మాటలవి?"

అతను నవ్వి ఇనుప దువ్వెనలాంటి పంజాతో పేక నూలును దగ్గరికి కొట్టసాగాడు. కాసేపటికి చెయ్యి చాపాడు.

"అక్కా, ఇంకో ఎర్ర కండె ఇయ్యి."

"ఈ పువ్వుల ఎర్రది అయిపాయె గదరా?"

"ఇయ్యవే, జర."

ఇచ్చింది. అతని వేళ్లు చల్లగా తగిలాయి. పొద్దు నడినెత్తికొచ్చాక అన్నం పెడితే వద్దన్నాడు, తల బరువుగా ఉందన్నాడు. మొగిలమ్మ రాట్నం వదిలి లేచింది.

"దవాఖానకు పోదాం పా."

"ఈ మూల అయినంక."

"మూల మన్నుగాను!" అంటూ ఆమె చెప్పులైనా వేసుకోకుండా రిక్షా కోసం రోడ్డు మీదికి ఉరికింది. తిరిగొచ్చేసరికి పంజా చప్పుడు లేదు. కట్టయ్య తాను నేసిన బట్ట మీద నుదురు ఆన్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకుని విజయలక్ష్మి విసనకర్రతో విసురుతోంది.

సాయంత్రం కట్టయ్యను కాటికి సాగనంపి వచ్చినవాళ్లంతా వెళ్లాక మొగిలమ్మ మగ్గం దగ్గరికి వచ్చింది. బట్ట మీద చెయ్యి వేసింది. ఆ మూలన ఎర్ర మెట్టు ఉంది. తాత వదిలేసింది, కట్టయ్య ఎన్నడూ నేయనిది, నిండుగా ఉంది. కత్తిరించని నూలు కొస ఇంకా కండెకే ఉంది.

ఆమె గబుక్కున తలెత్తి గోడ వైపు చూసింది. మేకుకు నమూనా ముక్క వేలాడుతోంది, ఆ మూల తెల్లగానే.