మంచు పండుకున్న మడి

అబ్రహాం కాగితం మీద గీసిన కాలువ ముచ్చటగానే ఉంది, కాదనను. చెరువు తూము దగ్గర మొదలై, దొర పారిపోయాక సంఘం మాకు పంచిన అరవై ఎకరాల పైఅంచు వెంట చక్కగా వంపు తిరిగింది. ఒకప్పుడు సర్వే వాళ్ల దగ్గర గొలుసు పట్టిన మనిషి, గీత వంకర పోదు. అందరూ ఆ కాగితం చుట్టూ మూగి, అప్పుడే నీళ్లు పారినట్టు మురిసిపోతున్నారు. నాకే ఒళ్లు మండింది.

"వచ్చే నీళ్లకు తొవ్వ చూపెడితివి. పొయ్యే నీళ్లకేదిరా?" అన్నాను.

అబ్రహాం తెల్లమొహం వేశాడు. "పొలం తాగినంక ఇంకేం మిగుల్తయి అవ్వా?"

"మిగిలినయి భూమిలనే ఉంటయి. రెండేండ్లల్ల జాలు పడ్తది. కాలు పెడితే మోకాలు దాక దిగవడ్తది, పైరు ఎర్రబడి చస్తది. కింద పారే ఒర్రె దాక మురుగు కాలువ తియ్యకుంటే గీ అరవై ఎకరాలు కప్పలకు పంచినట్టే!"

నవ్వారు గానీ నా మాట తీసెయ్యలేదు. నా పెనిమిటి ఓదెలు ముప్పై ఏళ్లు ఆ చెరువుకు నీరటి. తూము ఎత్తి, ఏ మడికి ఎన్ని నీళ్లో చూసింది ఆయనే. పోయినేడు జ్వరంతో పోయాడు. పల్లం కనిపెట్టే ఉపాయం నాకొక్కదానికే చెప్పాడు: "మంచు ఏడ పండుకుంటదో, నీళ్లు ఆడికే పోతయి."

పుష్యమాసం. తెల్లవారుతుండగా అందరం చెరువు కట్ట ఎక్కాం. కింద మడులు లేవు, గట్లు లేవు, అంతా తెలుపే. రజాకార్లు వస్తారన్న భయం, ఊరి కాపలా వాళ్ల చేతుల్లోని వడిసెలలు, అన్నీ ఎవరో చెప్పిన కథలో సంగతుల్లా దూరంగా అనిపించాయి.

"నేను దిగుత. మంచు నా నెత్తి దాటిన కాడ నిలబడి కేకేస్త. కేక ఇన్న దిక్కుకు వచ్చి మేకు కొట్టు" అని అబ్రహాంతో చెప్పి దిగాను.

మంచు ముందు పాదాలు ముంచింది, తర్వాత నడుము, తర్వాత మెడ. మనుషుల మాటలు సన్నబడ్డాయి. ఓదెలు నా ముందే నడుస్తున్నాడనిపించింది. ఆయన చుట్ట వాసన కూడా వచ్చింది. ఎంత హాయిగా ఉందంటే, అట్లాగే ఒర్రె దాకా పోయి, ఆ పైన ఎక్కడికైనా ఆయన వెంట పోవాలనిపించింది.

కాలికి రాయి తగిలింది. తడిమి చూశాను. నేను పాతుకున్న హద్దురాయే. పైకి చూస్తే ఆకాశం లేదు, నెత్తి మీద కూడా మంచే.

అన్నిటికంటే పల్లం నా మడే!

పుట్టి బుద్ధెరిగాక నాదనుకున్న భూమి ఈ ఒక్క ఎకరమే. నడుమ మురుగు కాలువ పోతే మిగిలేవి రెండు గట్లు. బదులివ్వడానికి సంఘం దగ్గర ఇంకో సెంటు లేదు. పది అడుగులేస్తే తండా హీర్యా మడి. కట్ట మీది వాళ్లకు నేను కనపడను, కేక ఒక్కటే వినపడుతుంది.

పది అడుగులూ వేశాను, ఎందుకు దాచాలి? అక్కడ మంచు నా ఛాతీ దాకానే ఉంది. సిగ్గు లేకుండా గొంతుక్కూర్చున్నాను, నెత్తి మునగాలని. కేక వెయ్యడానికి నోరు తెరిచాను.

"అవ్వా, జారుతవు, జర పైలం!" కట్ట మీంచి హీర్యా గొంతు.

నోరు అట్లాగే ఉండిపోయింది. చివరి రోజు ఓదెలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "తండోళ్ల మళ్లకు నీళ్లు ఎక్కయని దొర చెప్పమన్నడు. ముప్పై ఏండ్లు గదే చెప్పిన కొమురమ్మా. నీళ్లు ఎక్కేటియే."

లేచాను. పది అడుగులూ వెనక్కి వేసి, గుండె పగిలేలా అరిచాను. "గీడనే! నా మడిలనే!"

అబ్రహాం సుత్తె, మేకు పట్టుకుని మంచులోంచి వచ్చాడు, వెనకే హీర్యా. హద్దురాయి చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"అవ్వా, గిది నీ..." అన్నాడు అబ్రహాం.

"ఎరుకే, కొట్టు." ఏడుపు ఆగలేదు, తుడుచుకోనూ లేదు. "ఇంకా లోతుకు దిగ్గొట్టు బిడ్డా. రేపు నేనే వచ్చి పీకుతనేమో."