శాంతమ్మ సాక్ష్యం

గులాబీ కాడను కత్తిరించి, ముల్లు గుచ్చుకోకుండా మోచేతి మీదికి వాల్చుకుంటూ శాంతమ్మ వరుస చివరిదాకా వచ్చేసింది. పక్క వరుసలో కౌసల్యమ్మ ఇంకా సగంలోనే ఉంది. చిన్న మంగళారం ఊళ్లో ప్లాస్టిక్ షీటు కప్పిన పూల పాలీహౌస్‌లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా శాంతమ్మ అందరికంటే ముందు ముగించడం ఎవరూ చూడలేదు.

"ఏమైందక్కా ఈ పొద్దు? కాళ్లు భూమ్మీద ఆనుతలేవు," అంది కౌసల్యమ్మ.

"సాయంత్రం కూడిక ఉన్నది గదా. నేను సాక్ష్యం చెప్తున్న."

"నువ్వా? నీకేమైందని చెప్తవ్?"

శాంతమ్మ ఇన్నాళ్ల బాధా అదే. ప్రార్థన కూడికలో ఒక్కొక్కరు లేచి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకుంటారు. ప్రేమజ్యోతి బస్సు బోల్తా పడితే బతికి బయటపడింది. మరొకామె భర్త తాగుడు మానేశాడు. శాంతమ్మ భర్త సాలోమోను కల్లు రుచే ఎరుగడు, ఇక మానడానికి ఏముంది? కొడుకు శాంసన్‌కు అడగగానే ఉద్యోగం దొరికింది. కోడలు కృప మొయినాబాదులో కంటి డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది, అత్తను పల్లెత్తు మాట అనదు. ఇంత సాఫీగా నడిచిన బతుకులో సాక్ష్యం ఎక్కడి నుంచి పుడుతుంది? కూడికలో ఆమె పని ఎప్పుడూ చాపలు పరచడం, చాయ్ గ్లాసులు కడగడం.

ఇప్పుడు మాత్రం చెప్పడానికి ఉంది! ఈ మధ్య చీకటి పడితే చాలు, వెలిగే ప్రతి దీపం చుట్టూ ఆమెకు రంగుల వలయం కనబడుతోంది. వీధి బల్బుకూ, చర్చి మీది క్రిస్మస్ నక్షత్రానికీ, చివరికి చేవెళ్ల రోడ్డున పోయే లారీల లైట్లకూ. మొదటిసారి చూసినప్పుడు చేతిలోని బిందె వదిలేసింది. దేవుని మహిమ కాక మరేమిటి? పక్కవాళ్లకు కనబడలేదంటే తనకొక్కదానికే ఇచ్చాడన్నమాట. ముందే ఇంట్లో చెప్పేస్తే కూడికలో చప్పబడిపోతుందని కోడలి దగ్గర కూడా దాచింది. కంటి డాక్టరు దగ్గర పనిచేసే కోడలి దగ్గర!

కుడి కణత పోటు పెడుతుంటే ఇంత బామ్ రాసుకుంది. కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూసింది. సంబరం ఎక్కువైతే అంతేననుకుంది.

చీకటి పడుతుండగా ప్రేమజ్యోతి వాకిట్లో కూడిక మొదలైంది. శాంతమ్మ లేచి నిలబడితే చాయ్ కోసమేమో అనుకున్నారు. సంగతి తెలిసి పాస్టరు ప్రేమ్ కుమార్ నవ్వుతూ మైకు ఆమె చేతికిచ్చాడు.

"అందరికి వందనాలు. నాకెప్పుడు చెప్పేందుకు ఏం లేకుండె. గిప్పుడున్నది." వాకిలి బల్బు వైపు చెయ్యి ఎత్తింది. "దేవుడు నాకు వెల్తురు సుట్టు మహిమ సూపిస్తున్నడు! అగో, ఆ బల్బు జూడుండ్రి! లోపల నీలం, అంచుకు ఎరుపు!"

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్లంతా, బల్బు వైపు మెడలు తిప్పి. శాంతమ్మ మొహం వెలిగిపోయింది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన కృప, భుజాన సంచి దించకుండానే జనంలోంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చింది.

"అత్తమ్మా, తల నొస్తున్నదా?"

"నొస్తున్నది. గదెందుకు బిడ్డా ఇప్పుడు?"

కృప అరచేత్తో ఆమె ఎడమ కన్ను మూసింది. "నా మొఖం కనవడ్తున్నదా?"

శాంతమ్మ కుడి కన్ను చిట్లించి చూసింది. "మసకమసక."

కృప అక్కడే భర్తకు ఫోన్ చేసి కారు తెమ్మంది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుంది. "కంట్ల ఊరే నీళ్లు బయటికి పోక వత్తిడి పెరిగినట్టున్నది. నల్లగుడ్డు మీది పొర తడితోని ఉబ్బుతది. వెల్తురు అండ్లకెల్లి వచ్చేటప్పుడు చీలి రంగులైతది. మా డాక్టరు దగ్గరికి గిట్లనే చెప్పుకుంట వస్తరు. జల్ది మందు పడకుంటే కన్ను పోతది అత్తమ్మా."

"మన పాలీహౌస్ షీటుకు చెమ్మ పడితే రంగులు కనవడ్తయి, గట్లనా?"

"గట్లనే."

"అయితే మహిమ గాదా?"

శాంతమ్మకు ఏడుపొచ్చింది. కన్ను పోతుందన్న భయం కంటే ముందు, చేతికొచ్చిన ఒక్క సాక్ష్యమూ జారిపోతోందన్న దిగులు కమ్మింది. జీవితమంతా చాపలు పరిచి, లేచి నిలబడిన ఒక్కరోజూ ఇలా అయింది.

"ముందు దవాఖానకు పోవాలె అవ్వా," అన్నాడు పాస్టరు, మెల్లగా మైకు కోసం చెయ్యి చాపుతూ.

ఇంతలో శాంసన్ కారు గేటు ముందు ఆగింది. దాని రెండు లైట్ల చుట్టూ రెండు పెద్ద రంగుల చక్రాలు. శాంతమ్మ ఉండబట్టలేక, "అబ్బ, ఎంత మంచిగున్నయి బిడ్డా!" అంది. అని, ఒక్క క్షణం ఆగి, మైకు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సాక్ష్యం ఇంక అయిపోలె. మైకు బంద్ చెయ్యకుండ్రి. కన్నుతోని తిరిగొచ్చి మిగతది చెప్త."

మైకును చాప మీద పెట్టి, కోడలి భుజం పట్టుకుని నడిచింది. కారు మలుపు తిరిగి వెళ్లిపోయింది. తర్వాత పాట పాడటానికి వేరే మైకు లేదు. ప్రేమ్ కుమార్ వంగి దాన్ని తీయబోతే ప్రేమజ్యోతి తల అడ్డంగా ఊపింది. అందరూ మైకు లేకుండానే పాట అందుకున్నారు.

చాప మీద మైకు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.