సుగుణ ఎటు చూస్తోంది?

పెన్ను పట్టుకునే ముందు టాబ్ తెర మీది పొడి తుడవాలి. బండల పాలిష్ మిషన్ మీద పనిచేసే మనిషి ఇంట్లో ఉన్నాక ఇదీ అంట్లు తోమడం లాంటి రోజువారీ పనే. మా ఆయన ప్రేమ్‌సాగర్ పని నుంచి వచ్చి చొక్కా విప్పి దులిపేది నా బల్ల పక్కనే. బల్ల తలుపు దగ్గరుంది మరి. అక్కడ కూర్చుంటే వంటగదీ కనిపిస్తుంది, అత్తమ్మ మంచమూ కనిపిస్తుంది. "ఈడైతే నీకు అన్ని అల్కగైతయ్" అని ఆ జాగా చూపించింది ప్రేమ్‌సాగరే.

ఈరోజు పొద్దున్నే దీక్షిత ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఆమె పనిచేసే సంస్థ, మంచం పట్టిన పెద్దవాళ్ళకు సేవ చేయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి తయారుచేస్తోంది. బొమ్మలన్నీ నావే. ఏ పాఠం తెరిచినా సుగుణ అనే ఒకే మనిషి కనిపించాలి. అదే ముఖం, అదే ఆకుపచ్చ చీర, గీత మందం కూడా అదే. రంగుల్లో, కొలతల్లో నేను పొరపాటు పడలేదు. పడింది ఇంకోచోట.

"జ్యోతిరాణి అక్కా, మీరు మొదట పంపిన నమూనాలో సుగుణ ఆ పెద్దామె ముఖంలోకి చూస్తూ మందు తాగిస్తుంది. అది చూసే మా వాళ్ళు ఒప్పుకున్నరు. తర్వాత పాఠాలన్నిట్ల మెడ పక్కకే తిరిగి ఉంది. అన్నం తినిపించినా అటే చూపు, పక్క మార్చినా అటే చూపు. ఎవరో పిలుస్తున్నట్టు. 'ఈమె చేతికి మీ అమ్మను అప్పజెప్తరా?' అని మా సార్ అడిగిండు. రేపటికల్లా సరిచేయకపోతే వేరేవాళ్ళతో వేయిస్తరంట అక్కా."

బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. ఇన్ని నెలలుగా నా కంటికి ఎందుకు ఆనలేదు? భంగిమల కోసం నేను బల్ల మీద చిన్న అద్దం పెట్టుకుంటాను. అందులో కనిపించే నా మెడనే సుగుణకు పెడతాను. నమూనా బొమ్మ పెద్దేముల్‌లో అమ్మ దగ్గర వేశాను. అమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతూ, వచ్చినవాళ్ళను "బిడ్డ పనిలున్నది, మెల్లగ మాట్లాడుండ్రి" అని గదిమేది. మిగతావన్నీ ఇక్కడ వేసినవి. సుగుణ చూస్తున్నది మా తలుపు వైపు.

మొదటి బొమ్మ మళ్ళీ మొదలుపెట్టాను.

"జ్యోతీ, గీ దిండు జర పైకి అను," మంచం మీది నుంచి అత్తమ్మ.

లేచాను. వచ్చి కూర్చున్నాను.

"పొయ్యి మీద పాలు పెట్టినవా ఏంది, వాసనొస్తుంది?"

పెట్టలేదు. అయినా వెళ్ళి చూశాను. తిరిగొచ్చి గీసి చూస్తే, మెడ మళ్ళీ అటే. ఈ పని పోతే ఇంకొకటి ఎవరిస్తారు? పోయినా ఈ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? "బొమ్మలేసుడే గదా, నడుమల లేస్తే ఏమైతది? బండ పగులుతదా?" అంటాడు ప్రేమ్‌సాగర్.

బండ సంగతి నాకు తెలుసు. పాలిష్ పడుతూ నడుమ ఆపితే గుండ్రంగా మచ్చ పడుతుందట, ఎంత రుద్దినా పోదట. అందుకే పనివేళ ఆయనకు ఎవరం ఫోన్ చేయం. అత్తమ్మ బాత్రూంలో జారిపడ్డ రోజు చేశాను. "మిషన్ నడుస్తుంది" అని పెట్టేశాడు. ఆటో నేనే పిలిచాను. నడుము పట్టేసి మూలుగుతూ కూడా "వాన్ని పరేషాన్ చెయ్యకు, మిషన్ మీదున్నడు" అంది అత్తమ్మ.

అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. లేచి నీళ్ళ చెంబు, మాత్రలు, ఇంకో దిండు అత్తమ్మ చేతికందేలా పెట్టాను.

"ఎటు పోతున్నవే?"

"ఎటు పోతలేనత్తమ్మా. పక్క గదిలనే ఉంట. పానం మీదికొస్తే పిలువు. చాయ్ మీదికొస్తే పిలవకు."

"అబ్బో, మస్తు మాటలు నేర్చినవ్," అంది. నవ్విందో, కోపమొచ్చిందో తెలియలేదు.

బల్లను ఎదుటి గోడకు జరిపాను. బండ నేల మీద కాళ్ళు కీచుమన్నాయి. తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు పెట్టి కూర్చున్నాను. వీపంతా చెవులైనట్టుంది. పిలిచిందా? లేదు. గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాను.

ఫోన్ మోగింది. ప్రేమ్‌సాగర్. వెనక మిషన్ చప్పుడు లేదు, టీ తాగే వేళ.

"ఏయ్, పొద్దుమీకి మా దోస్తులు వస్తున్రు. మిర్చీలకు పిండి కలిపి పెట్టు. ఇంకా..."

పెన్ను కొన ఇంకా సుగుణ కనురెప్ప మీదే ఉంది.

"మిషన్ నడుస్తుంది," అన్నాను. పెట్టేశాను.

ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. అద్దంలోకి చూశాను. మెడ తిరగలేదు. దాన్ని అలాగే గీసుకున్నాను.