అప్పగించని మాట

కరుణాకరం ఎవరినైనా కొట్టాలనుకుంటే ముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఎంత కోపంలోనైనా వస్తువు పాడవకూడదన్న జాగ్రత్త ఆయనది. ఎదుటివాడి మూతి పగిలితే పగలనీ, గడియారం అద్దం పగలకూడదు. మార్కాపురంలో ఆయన పలకల గనుల్లో పనిచేసే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోయిందంటే చాలు, ఎవడి దారిన వాడు జారుకునేవాడు. కరుణ ఆయన పేరు దగ్గరే ఆగిపోయింది, మనిషిలోకి దిగలేదు.

మూడేళ్ళ కిందట ఆ గడియారం వసీం కోసం విప్పాడు. వసీం అప్పట్లో ఆయన దగ్గర టిప్పర్ డ్రైవరు. "అన్నా, బ్రేకులు పట్టడంల్యా. ఈ లోడు నేను దింపలేను" అన్నాడు, అంతే. నలుగురి ముందు ఆ మాట అన్నందుకు కరుణాకరం జాకీ రాడ్డు తీసుకుని వసీం కుడి మోకాలి మీద నాలుగు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బకే వసీం కూలిపోయాడు. తక్కిన మూడూ పడినవాడి మీద వేసినవే. పలకరాయి జారి కాలి మీద పడిందని కాగితాల్లో రాయించారు. ఆ రోజు అక్కడ ఇరవై మంది ఉన్నారు. కొట్టడం చూసిందీ వాళ్ళే, రాయి పడిందని చెప్పిందీ వాళ్ళే.

అప్పటినుంచి ఆ కాలు వంగదు. వసీం తన తండ్రి అబ్బాస్ అలీ షెడ్డులోనే మెకానిక్కుగా చేరిపోయాడు. కాలు చాపుకుని బండి కింద పడుకుంటే కుంటితనం ఎవరికీ కనపడదు. పని మాత్రం బాగా పట్టుబడింది. బ్రేకుల పనిలో తండ్రిని మించాడని కంభం రోడ్డులో అందరూ అంటారు.

అలాంటి షెడ్డు ముందుకు ఒక రోజు పొద్దున్నే ట్రాక్టరు ఒకటి ఎర్ర కారును లాక్కొచ్చింది. ఇద్దరు మాత్రమే కూర్చునే, టాపు లేని, తాబేలంత ఎత్తున్న ఇంగ్లీషు సీమ కారు. కరుణాకరం తండ్రి స్లేట్లు ఓడలకెత్తిన రోజుల్లో మద్రాసులో ఒక దొర దగ్గర కొన్నాడు. అరవై ఏళ్ళ బండైనా పరుగుకు ఏం తక్కువ లేదు. ఆగడమే దానికి చేతకాదు. నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ బ్రేకులు, పెడల్ మీద నిలబడి తొక్కితే తప్ప వేగం తగ్గదు. కిందటి నెల దొనకొండ రైలుగేటు దగ్గర ఆగక మేకల మందలోకి దూసుకుపోయింది. రెండు మేకలు చచ్చాయి. మేకలు అడ్డమొచ్చాయని కరుణాకరం గడియారం విప్పి మేకల కాపరిని కొట్టాడు.

"ముందర చక్రాలకు డిస్కులు వెయ్యాల సాయిబూ" అన్నాడు కరుణాకరం ట్రాక్టరు దిగకుండానే. "మారుతి సామాను పడతాదంట గదా. తొక్కితే యాడిదాడ నిలబడాల."

అబ్బాస్ అలీ కొడుకు వైపు చూశాడు. కరుణాకరం కూడా అటే చూసి నవ్వాడు. "ఏమిరా, కాలెట్లుంది? బ్రేకుల గురించి ఇంకా నోరు లేస్తాందా?"

"మాతో కాదన్నా. ఒంగోలు తీస్కపో" అనబోయాడు అబ్బాస్ అలీ. అంతలో వసీం చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నేను చేస్తాలే నాయనా" అన్నాడు.

చేస్తానన్నప్పుడు వసీం మనసులో ఏముందో వసీంకే సరిగ్గా తెలియదు. ఆ మనిషి ప్రాణం పది రోజులు తన చేతికింద ఉంటుందన్న సంగతి మాత్రం తెలుసు. ఆ రోజు అన్నం రెండింతలు తిన్నాడు.

పాత డ్రమ్ములు ఊడదీశాడు. లేతు మిషను మీద హబ్బులు తిప్పించి మారుతి డిస్కులు బిగించాడు. వాటిని పట్టుకునే కాలిపర్లకు మందపాటి ఇనుప రేకు కోసి దిమ్మెలు చేశాడు. వెనక చక్రాలకు పాత డ్రమ్ములే ఉంచి, హ్యాండ్ బ్రేకు తీగ మార్చాడు. బానెట్ కింద చోటు చేసి బూస్టరు పెట్టాడు. మనిషి కాలితో తొక్కిన బలాన్ని ఇంజను గాలి లాగి నాలుగింతలు చేసే డబ్బా అది. దాంతో మెత్తగా ఆనిస్తే చాలు, కారు ముక్కు నేలకు వంచి ఆగేది. పని చేస్తున్నంతసేపూ ఒక నట్టు వదులుగా వదిలేస్తే చాలు కదా అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ చెయ్యి తనంతట తాను స్పానర్ అందుకుని మరో పావు చుట్టు బిగించింది. అరకొర పని చెయ్యడం ఆ చేతికి రాదు.

తొమ్మిదో రోజు బూస్టరు పరీక్షిస్తూ ఇంజను ఆపి పెడల్ తొక్కాడు. మొదటిసారి మెత్తగా దిగింది. రెండోసారి కాస్త బిగిసింది. మూడోసారి రాయి. ఇంజను తిరగకపోతే బూస్టరుకు బలం లేదు, అది దాని గుణం, కొత్త సంగతేం కాదు. కానీ వసీం కాలు పెడల్ మీద అలాగే ఆగిపోయింది.

ఈ ప్రాంతంలో పాత డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. కనుమ దిగేటప్పుడు గేరు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపేస్తారు. దిగుడు దేవుడిచ్చిన దారి, దానికి ఆయిలెందుకు దండగ అంటారు. కరుణాకరం అందులో మొనగాడు. టిప్పర్లకు ఆ పద్ధతి నేర్పిందే ఆయన. బూస్టరు లేని పాత బండికి ఇంజను ఆపినా ఆపకపోయినా బ్రేకు ఒకటే. ఈ బండికి ఇక ఒకటి కాదు.

అంటే నట్టు వదులు చెయ్యనక్కర్లేదు. పైపు కొయ్యనక్కర్లేదు. దిగుడులో ఇంజను ఆపొద్దన్న ఒక్క మాట చెప్పకపోతే చాలు. వసీంకు ఒళ్ళు జలదరించింది, భయంతో కాదు, సంతోషంతో.

అబ్బాస్ అలీ షెడ్డులో ఒక పద్ధతుంది. బండి ఇచ్చేటప్పుడు యజమాని చేతిని స్టీరింగు మీద పెట్టించి, మార్చిన ప్రతి సామాను గురించీ చెప్పాలి. పనీ మాటా రెండూ అప్పగిస్తేనే బండి అప్పగించినట్టు అని ముసలాయన మాట. పదో రోజు పొద్దున కరుణాకరం వచ్చాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాడు. వసీం ఆయన చేతిని స్టీరింగు మీద పెట్టించి అన్నీ చెప్పాడు. గట్టిగా తొక్కొద్దు, ఆనిస్తే చాలు అన్నాడు. బ్రేకాయిలు చూసుకోమన్నాడు. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"మాటంతా చెప్పినావా?" అని షెడ్డు లోపలినుంచి అడిగాడు అబ్బాస్ అలీ.

"చెప్పినా నాయనా."

తండ్రితో అబద్ధం ఆడడం అదే మొదలు. ఎంత తేలిగ్గా వచ్చిందో అని వసీం తనలో తాను ఆశ్చర్యపోయాడు.

"అయితే ఎక్కు" అన్నాడు కరుణాకరం. "బ్రేకు చేసినోడు మొదటి దిగుడుకు బండిలో కూర్చోవాల. రివాజు. గిద్దలూరు కనుమెక్కి దిగొద్దాం పా."

పుట్టి బుద్ధెరిగాక ఏ రివాజునూ లెక్కచెయ్యని మనిషి ఈ ఒక్కదాన్ని పట్టుకుంటాడని వసీం అనుకోలేదు. ఎక్కనంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే ఆ మాట చెప్పాలి. వసీం చావడానికైనా సిద్ధపడ్డాడు గానీ ఆ మాట ఇవ్వడానికి సిద్ధపడలేదు. చేతులతో కాలెత్తి లోపల పెట్టుకుని కూర్చున్నాడు.

గిద్దలూరు దాటేవరకూ కరుణాకరం హుషారుగా ఉన్నాడు. కుక్క అడ్డమొచ్చినా, గేదె అడ్డమొచ్చినా బ్రేకు ఆనించి చూసి మురిసిపోయాడు. "పనోడివేరా" అన్నాడు. గేరు మార్చేటప్పుడల్లా ఆయన మోచెయ్యి వసీం చాపిన కాలికి తగులుతోంది. నాలుగోసారి కావాలనే తగిలించాడు. మోకాలి చిప్ప మీద పిడికిలితో కొట్టి, "ఇంగా నొస్తాదా?" అని అడిగాడు. వసీం పళ్ళు బిగించాడు. వాడు చావాలి, నేను పక్కన ఉన్నా సరే చావాలి అని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

నల్లమలలోని ఆ కనుమ పైకెక్కి, కారు తిప్పి, దిగువమెట్ట వైపు దిగడం మొదలుపెట్టారు. మొదటి మలుపు ముందే కరుణాకరం గేరు తీశాడు. తాళం తిప్పాడు. ఇంజను చప్పుడు ఆగిపోయి గాలి హోరు ఒక్కటే మిగిలింది.

మొదటి మలుపుకు బ్రేకు పట్టింది. రెండో మలుపుకు పట్టింది గానీ కరుణాకరం ముఖం చిట్లించాడు. మూడో మలుపుకు ఆయన కాలు ఆనించాడు, నొక్కాడు, తొక్కాడు. పెడల్ కదల్లేదు. కారు మలుపు అంచును గీసుకుంటూ పోయింది. లోయ వైపు రాళ్ళు దొర్లిన చప్పుడు వసీంకు వినపడింది.

"ఏందిరా ఇది! రాయైపోయింది!"

వసీం తల తిప్పి ఆయన వైపు చూశాడు. కరుణాకరం ముఖంలో మొట్టమొదటిసారి భయం చూశాడు. మూడేళ్ళుగా ఆ ముఖం చూడాలని కలలు కన్నాడు, ఇప్పుడు కడుపునిండా చూస్తున్నాడు.

అప్పుడు కింద మలుపులో ఆటో కనపడింది. కరివేపాకు మూటలతో, ఆడవాళ్ళతో కిక్కిరిసి, గసపెడుతూ ఎక్కివస్తోంది. చివర కూర్చున్న ముసలామె కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. ఎర్ర కారు సరిగ్గా ఆ కాళ్ళ మీదికే పోతోంది.

"తాళం తిప్పన్నా! ఇంజను వెయ్! ఇంజనుంటేనే బ్రేకు!" అని అరిచి వసీం డ్యాష్ మధ్యలో ఉన్న తాళం మీదికి చెయ్యి చాపాడు.

కరుణాకరానికి తన వస్తువు మీద ఇంకొకడి చెయ్యి పడడం ఒక్కటే కనపడింది. ఈసారి గడియారం విప్పడానికి సమయం లేదు. పిడికిలి వచ్చి వసీం చెంప మీద పడింది, మళ్ళీ ముక్కు మీద. స్టీరింగు మీద ఒక్క చెయ్యే ఉంది. "దొంగ నాకొడకా, నన్ను జంపను జేసినావా" అంటూ మూడో గుద్దు గుద్దాడు. గడియారం అద్దం పగిలి వసీం కనుబొమ్మలో దిగింది.

వసీం నోట్లో రక్తంతోనే రెండు చేతులా హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగాడు. వెనక చక్రాలు బిగుసుకున్నాయి. కారు గిర్రున తిరిగి, తోకతో ఆటోను ఒక్క దెబ్బ కొట్టి, కొండ వైపు గట్టుకు గుద్దుకుని ఆగింది. కరుణాకరం వైపు తలుపు లోపలికి మడుచుకుపోయింది. ఎముక విరిగిన చప్పుడు వసీంకు బాగా తెలుసు. అది మళ్ళీ విన్నాడు, ఈసారి తన కాలు కాదు.

ఆటో పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు ఏడుస్తూ బయటికి పాకారు. అందరికీ గీరుకుపోవడాలే. కాళ్ళు వేలాడేసుకున్న ముసలామె మాత్రం రోడ్డు మీద పడి ఉంది. ఓబులమ్మ ఆమె పేరు. ఎడమ చెయ్యి మోచేతి కింద ఇంకో మోచెయ్యి ఉన్నట్టు వంకర తిరిగింది. వసీం కాలు ఈడ్చుకుంటూ పోయి ఆమె పక్కన కూలబడ్డాడు.

వెనకనుంచి, ఎర్ర కారులోంచి కరుణాకరం అరుస్తూనే ఉన్నాడు. "బ్రేకులు పట్టల్యా! బ్రేకులు పట్టల్యా!" ఆ మాట అన్నందుకే వసీం కాలు పోయింది. అదే మాట ఆ నోటినుంచి వస్తుంటే పండగ చేసుకోవాల్సింది. వసీం రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

కరుణాకరాన్ని ఎవరిదో జీపులో గిద్దలూరు పంపారు. కొడుకు ఆ కారెక్కినప్పుడే మనసు నిలవక వెనకే బయల్దేరిన అబ్బాస్ అలీ, అంబులెన్సు వచ్చేలోపల ఎవరి బండి వెనకనో వచ్చి దిగాడు. కొడుకు ముఖం మీది రక్తం చూశాడు, కానీ ముందు కారు దగ్గరికే పోయాడు. బానెట్ ఎత్తాడు. పైపులు తడిమాడు, ఆయిలు చూశాడు, ఒక్కో నట్టు వేలితో తాకాడు. అన్నీ బిగుతుగా ఉన్నాయి. తల తిప్పి తాళం చూశాడు. ఆపి ఉంది. బానెట్ మూసి కొడుకు దగ్గరికి వచ్చాడు.

"మాట చెప్పినావా?"

"చెప్పల్యా."

"మర్చిపోయినావా?" ముసలాయన గొంతులో ఆశ ఉంది. అవునన్నా నమ్మేవాడు.

"లేదు."

అబ్బాస్ అలీ కొట్టాడు. ముప్పై ఏళ్ళలో కొడుకు మీద చెయ్యి ఎత్తని మనిషి నలుగురి ముందు లాగి కొట్టాడు. జాకీ రాడ్డు దెబ్బలకు రాని ఏడుపు వసీంకు అప్పుడు వచ్చింది.

"కొట్టబాకు సాయిబూ!" అని కింద పడుకునే అరిచింది ఓబులమ్మ. "ఆ అబ్బయ్యే గదా బండి ఆపినాడు. నా కండ్లతో చూసినా. రెండు చేతులా లాగినాడు, లేకుంటే నా కాళ్ళు ఈడనే పోతాండె." బాగున్న కుడి చెయ్యి ఎత్తి వసీం తల మీద పెట్టింది. "నిన్ను కన్నతల్లి కడుపు సల్లగుండ నాయనా."

అబ్బాస్ అలీ భుజం మీది తువాలు తీసి ఆమె విరిగిన చేతికి కట్టసాగాడు. ముడి వేస్తూ కొడుకు వైపు చూడకుండానే అన్నాడు. "చెప్పు. ఈమెకైనా చెప్పు."

వసీం చెప్పాడు. తెలిసీ చెప్పలేదని, ఆయన చావాలని చెప్పలేదని, రోడ్డు మీద ఇంకెవరైనా ఉంటారని అప్పుడు తలుచుకోలేదని చెప్పాడు. ఓబులమ్మ చివరిదాకా విన్నది. అతని తల మీద పెట్టిన చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుంది.